బండికీ బండికీ మధ్య జాగా

డిసెంబరు మొదటి మంగళవారం ఉదయం ఏడున్నర దాటాక, మా నాన్న ఎఫ్రాయిము నడుపుతున్న మినీబస్సు, బర్న్స్ క్రీక్ మలుపులో చెయ్యెత్తి నిలబడ్డ మా మేనత్త నెస్టాను దాటి వెళ్లిపోయింది. నాన్న ఆమెను చూశాడు. హారన్ కొట్టాడు. బస్సు ఆపలేదు.

నేను ఆ బస్సులో లేను. ఆ వేళకు రేడియో స్టేషన్లో ఉదయం వార్తలు చదవడానికి కూర్చున్నాను. ఇక్కడ రాసేది కండక్టరు ఫెస్టస్ చెప్పగా విన్నది, మలుపు దగ్గర వక్కలమ్మే ఆమె చెప్పగా విన్నది, నాన్న చెప్పింది. ముగ్గురి మాటా కలవని చోట కలవలేదనే రాశాను.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. అక్టోబరులో మామిడికాయలు దిగేనాటికి మా దీవుల రాజధాని హోనియారాలో పొద్దుటిపూట బస్సెక్కిన మనిషికి పని వేళకు చేరతానన్న నమ్మకం పోయింది. ఈ ఊరికి ఉన్నది ఒకటే పెద్ద రోడ్డు. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. విమానాశ్రయం వైపు నుంచి పట్టణానికి గంటన్నర పట్టేది. విసిగిన డ్రైవర్లు సగం దారిలో జనాన్ని దించేసి బండి వెనక్కి తిప్పుకునేవాళ్లు. దిగినవాళ్లు మళ్లీ డబ్బులిచ్చి ఇంకో బస్సు ఎక్కాలి, లేదా నడవాలి.

మా అన్నయ్య సెల్విన్ ఆ ఏడే బ్రిస్బేన్‌లో చదువు ముగించుకుని వచ్చి రోడ్ల ఆఫీసులో చేరాడు. అతను చదివింది రోడ్లు వేయడం కాదు. వేసిన రోడ్డు మీద బళ్లు ఎందుకు ఆగిపోతాయన్నది.

"దానికి అన్నేళ్లు చదవాలట్రా? నన్నడిగితే నిలబడి చెప్పేవాణ్ణి. బళ్లు ఎక్కువైతే ఆగిపోతాయి" అన్నాడు సైలస్ మామయ్య. సైలస్ మా నెస్టా అత్త భర్త.

"ఎక్కువైనంత మాత్రాన ఆగక్కర్లేదు మామయ్యా. ఆదివారం చూపిస్తాను, రా" అన్నాడు సెల్విన్.

ఆదివారం ప్రార్థన అయ్యాక, వక్కల్లోకి వాడే సున్నంతోనే చర్చి మైదానంలో పెద్ద గుండ్రం గీశాడు. ముప్పై మందిని ఆ గీత మీద వరసగా నిలబెట్టాడు. ముందున్న మనిషి వీపు చూస్తూ నడవాలి. మధ్యలో చెయ్యి చాపినంత జాగా ఉండాలి. ఆగకూడదు, పరిగెత్తకూడదు. నాన్న నడిచాడు, ఫెస్టస్ నడిచాడు, అత్త నడిచింది, పాస్టరుగారి భార్య నడిచింది. నేను, మామయ్య సీమపనస చెట్టు కింద నిలబడి చూశాం.

మొదటి రెండు చుట్లు అందరూ సమంగా నడిచారు. మూడో చుట్టులో ఒకచోట నలుగురైదుగురు దగ్గర పడ్డారు. వాళ్లలో ముందున్నవాళ్లు విడిపోయి నడిచిపోతున్నారు, వెనకనుంచి వచ్చేవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. మనుషులు ముందుకి కదులుతుంటే ఆ గుంపు మటుకు వెనక్కి జరుగుతోంది. కాసేపటికి అది గుండ్రమంతా తిరిగి సీమపనస చెట్టు దగ్గరికి వచ్చింది.

"ఎవరాపారు?" అని నాన్న అడిగాడు.

"నీ చెల్లెలే. చెప్పు జారితే వంగింది" అన్నాడు ఫెస్టస్.

"నీ కళ్లు కాలిపోను, ఎక్కడ వంగాను? చెట్టు కింద మన లిలియాన్ కనబడింది, ఓ చూపు చూశాను. మేనకోడల్ని చూడ్డానికి కూడా నీ కొడుకు పర్మిషన్ కావాలా అన్నయ్యా?"

"అత్తా, నువ్వు ఆగలేదు. అరడుగు తగ్గావు, అంతే" అన్నాడు సెల్విన్. "నీ వెనకాయన గుద్దుకుంటానేమోనని ఒక అడుగు తగ్గాడు. ఆయన వెనకాయన రెండడుగులు. ఆ చివరికి వెళ్లేసరికి నిలబడిపోయారు. అప్పటికి నువ్వు హాయిగా నడుచుకుంటూ పోతున్నావు."

"అంటే తప్పు నాదేగా."

"ఎవరిదీ కాదు అత్తా. నువ్వు చూడకపోతే ఇంకెవరో చూసేవారు. రోడ్డు మీదా ఇంతే. బ్రిడ్జి దగ్గర ఏదో అయ్యుంటుందని అనుకుంటాం. అక్కడికెళితే ఏమీ ఉండదు. ఎవడో పావుగంట క్రితం బ్రేకు మీద కాలేసి వెళ్లిపోయుంటాడు."

సైలస్ మామయ్యకు ఇది నచ్చలేదు. మలైటా దీవిలో పుట్టి పెరిగిన మనిషి. పంచాయితీలు తీర్చడానికి వాళ్ల వాడవాళ్లు పిలిచే మనిషి.

"అదేం మాటరా. నా కాలు విరిగిందనుకో. ఎవడో విరగ్గొట్టే ఉంటాడు. కొమ్మ విరిగి పడితే చెట్టెవరిదో చూస్తాం. చెట్టుగలవాడు పందినిస్తాడు, గవ్వదండలిస్తాడు, కలిసి తింటాం, అయిపోతుంది. తప్పు ఎవరిదీ కాదంటే మరి దాన్ని సర్దేదెట్లా?"

"జాగా వదిలితే అదే సర్దుకుంటుంది మామయ్యా" అన్నాడు సెల్విన్.

ఆ వారమే సెల్విన్ బస్సుల యార్డుకి వెళ్లాడు. నేను రేడియో కోసం రికార్డరు పట్టుకుని వెంట వెళ్లాను. అతను డ్రైవర్లను అడిగింది రెండే. ముందు బండికి ఒక బస్సు పట్టేంత జాగా వదలాలి. గుర్తు పెట్టిన స్టాపుల్లో తప్ప ఎక్కడా ఆపకూడదు. క్రిస్మస్ సెలవులదాకా ఇరవై బస్సులు ఇలా నడిస్తే చాలు, వాటి వెనక రోడ్డంతా దానంతటదే దారికొస్తుంది.

"జాగా వదిలితే ఇంకొకడు దూరతాడు" అన్నాడో డ్రైవరు.

"దూరనివ్వండి. ఒకడు దూరితే మీకు పోయేది రెండు క్షణాలు. వాణ్ణి దూరనివ్వకూడదని మీరు ముందుకి ఉరికి బ్రేకు కొడితే మీ వెనక రెండొందలమందికి పోయేది పావుగంట."

"నాకేం, వాళ్లు నా వెనక కదా."

"రేపు వాళ్లు నీ ముందుంటారు."

నవ్వారు. ఇంకొకడు పక్క వరస ఎప్పుడూ తన వరస కన్నా జోరుగా పోతుందని, దానికి మందేమిటని అడిగాడు. సెల్విన్ అందుకు కూడా జవాబు చెప్పాడు. మనం పదిమందిని దాటేటప్పుడు చటుక్కున దాటేస్తాం, లెక్కపెట్టం. పదిమంది మనల్ని దాటేటప్పుడు ఒక్కొక్కణ్ణీ చూస్తూ కూర్చుంటాం. అందుకే పొద్దస్తమానం ఓడిపోతున్నట్టే ఉంటుంది. నిజానికి రెండు వరసలూ ఒకేసారి చేరతాయి.

"ఇవన్నీ సరే బాబూ" అన్నాడు ఒక ముసలి డ్రైవరు. "మన మాటవాళ్లు చెయ్యెత్తితే ఏం చెయ్యమంటావు?"

ఎవరూ నవ్వలేదు. ఇక్కడ ఒకే భాష మాట్లాడేవాళ్లు ఒకే ఇంటివాళ్ల కింద లెక్క. చెయ్యెత్తిన మన మాటవాణ్ణి దాటిపోతే ఆ మాట సాయంత్రానికి ఊళ్లో ఉంటుంది, నెలాఖరుకు మలైటా చేరుతుంది.

"బ్రిస్బేన్‌లో కారుని దాటిపోతారు నాయనా. లోపలెవరున్నారో ఎవడికి కావాలి. ఇక్కడ రోడ్డు మీద నాకు కార్లు కనపడవు. ఫలానావాడి తమ్ముడు, ఫలానామె మరిది కనపడతారు. వాళ్లని దాటి ఎలా పోను?" అన్నాడు ఆ ముసలి డ్రైవరే.

రికార్డరులో ఆ తర్వాత ఉన్నది నాన్న గొంతు.

"నేను నడుపుతాను."

నాన్న పద్దెనిమిదేళ్లుగా ఆ రోడ్డు మీద బస్సు నడుపుతున్నాడు. ఆయన ఒప్పుకున్నాక మిగతావాళ్లు పదిరోజుల్లో ఒక్కొక్కరుగా ఒప్పుకున్నారు.

మొదటి వారం జనం ఎగతాళి చేశారు. ముందు జాగా వదిలి నింపాదిగా పోయే బస్సును చూసి రోడ్డు పక్కవాళ్లు "ఎవరు పోయారు?" అని అరిచేవాళ్లు. ఫెస్టస్ తలుపులోంచి తల బయటపెట్టి "మీ తాత. రా, మొయ్యి" అనేవాడు. రెండో వారం ప్రయాణం గంటకు తగ్గింది. నవంబరు సగానికి నలభై నిమిషాలైంది. బ్రేకు ఎర్రలైట్లు వెలగకుండా బళ్లు వరసగా కదిలిపోవడం నేను స్టేషన్ మేడ మీంచి చూశాను. వేగంగా పోలేదు. ఆగలేదు, అంతే. సెల్విన్ రోడ్డు పొడవునా ఆఫీసు మనుషుల్ని పెట్టి, తను కుకుమ్ దగ్గర నిలబడి లెక్కలు రాసుకునేవాడు. ఇంటికొచ్చి నాన్నకు చూపించేవాడు. నాన్నకు ఆ గీతలు అర్థమయ్యేవి కావు. "బాగుందిరా" అని కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసేవాడు.

నెస్టా అత్త వారానికి నాలుగు రోజులు మార్కెట్లో కూరాకు, ఉడికించిన కర్రపెండలం అమ్మేది. అంతకుముందు నాన్న బస్సు మలుపులో ఆమె సందు మొదట్లోనే ఆగేది. ఫెస్టస్ దిగి మూటలు ఎక్కించేవాడు. ఇప్పుడు ఆమె మూటలు మోసుకుని మలుపు దాటి స్టాపుకి నడవాలి. మొదటిరోజు బస్సెక్కి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న అమ్మతో అన్నాడు. "దానికి కోపమొచ్చినట్టుంది."

"రాదా మరి. ఎండలో అన్ని మూటలు."

మర్నాడు నాన్న బస్సు వస్తుంటే అత్త ఎప్పటిచోటే నిలబడి చెయ్యెత్తింది. నాన్న హారన్ కొట్టి ముందుకి పోయి స్టాపులో ఆపాడు. అత్త మూటలతో నడిచొచ్చి ఎక్కింది.

"డ్రైవరుగారూ, మిమ్మల్నెక్కడో చూసినట్టుందండీ" అంది.

"మాది మలైటా అండీ" అన్నాడు నాన్న.

"అలాగా. అక్కడ నాకో అన్నయ్య ఉండేవాడు. ఇక్కడికొచ్చి గొప్పవాడైపోయాడు."

బస్సంతా నవ్వింది. ఆ రోజునుంచి అదో ఆట అయింది. ఆమె మలుపులో చెయ్యెత్తేది. ఆయన హారన్ కొట్టి దాటేవాడు. ఆమె వెనకనుంచి ఏదో ఒకటి తిట్టేది. తర్వాత స్టాపుకొచ్చి ఎక్కేది. ఎక్కుతూ ఒక మామిడికాయ తీసి స్టీరింగు పక్కన పెట్టేది. రోజూ ఎక్కేవాళ్లు ఆమె ఆ రోజు ఏమంటుందో వినడానికి చెవులొగ్గేవాళ్లు.

"ఇంక కోపం లేదులే" అంది అమ్మ. "కోపముంటే చెయ్యెత్తదు."

డిసెంబరు మొదటి మంగళవారం అత్త చేతిలో మూటలు లేవు. ఇది ఫెస్టస్ చూశాడు. ఆమె చెయ్యెత్తింది. ఒక చెయ్యి అని ఫెస్టస్ అంటాడు. రెండూ ఎత్తిందని వక్కలమ్మే ఆమె అంటుంది. నవ్వుతోందని నాన్న అంటాడు. వక్కలమ్మే ఆమెకు వెనకనుంచి ముఖం కనబడలేదు. నాన్న హారన్ కొట్టాడన్న విషయంలో ముగ్గురికీ తేడా లేదు.

స్టాపులో బస్సు ఆగింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. నాన్న అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. మలుపు అద్దంలో కనబడదు.

"రావట్లేదేంటి?" అన్నాడు.

"మూటలు లేవుగా. ఇవాళ మార్కెట్టుకి రాదేమో. ఊరికే నిన్ను ఉడికించడానికి నిలబడుంటుంది" అన్నాడు ఫెస్టస్.

వెనక రెండు బస్సులు వచ్చి ఆగాయి. వాటి వెనక కార్లు ఆగాయి. నాన్న ఇంకొంచెం సేపు చూశాడు. స్టాపులో ఎంతసేపు ఆగాలో సెల్విన్ చెప్పిన దానికన్నా అది ఎక్కువేనని ఫెస్టస్ అంటాడు. తర్వాత బస్సు కదిలింది.

అత్త నడవబోయి, వక్కలమ్మే ఆమె బల్ల పక్కన కూర్చుంది. కాసిని నీళ్లడిగింది. ఎండ తగిలిందనుకున్నానని వక్కలమ్మే ఆమె చెప్పింది. నాన్న తర్వాత, స్టాపులో వెనక ఆగిన ఆ రెండూ కలుపుకుని, ఆరు బస్సులు ఆ మలుపు దాటాయి. ఆరుగురు డ్రైవర్లనూ నేను తర్వాత కలిశాను. ఆరుగురికీ అత్త తెలుసు. నలుగురు ఆమెను చూశారు. అప్పటికి ఆమె చెయ్యెత్తి లేదు. నీడన కూర్చుని ఉంది. కూర్చున్న మనిషి కోసం బస్సు ఆపాలని ఎవరికీ తోచలేదు.

ఎనిమిది గంటల వార్తల్లో నేను రోడ్డు సమాచారం చదివాను. ఉదయం రాకపోకలు సాఫీగా సాగుతున్నాయని చదివాను.

చివరికి ఒక కలప లారీ ఆగింది. ఆ డ్రైవరుది మా భాష కాదు, మా దీవి కాదు. అతనూ వక్కలమ్మే ఆమె కలిసి అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదవుతోంది. మధ్యాహ్నం ఒంటిగంట లోపల నెస్టా అత్త చనిపోయింది. గుండె అన్నారు.

"ఎనిమిదింటికి తీసుకొస్తే?" అని సెల్విన్ డాక్టరును అడిగాడు.

"అది నేను చెప్పలేను" అంది డాక్టరు.

"బతికేదా, లేదా?"

"చెప్పలేనన్నాను కదా నాయనా. తెలిస్తే చెప్పనా?"

నాన్న ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. బస్సు తాళాలు చేతిలోనే ఉన్నాయి. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు.

"చెయ్యెత్తింది. రోజూ ఎత్తేదే."

అంత్యక్రియలు అయ్యాయి. మామయ్య ఏడ్చాడు. ఆయన కూతురు డొర్కాస్ ఏడ్చింది. మా వైపు మనుషుల్ని ఎవరూ ఒక మాట అనలేదు. శ్మశానం నుంచి వస్తూ అమ్మ నాతో, "తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది" అంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సెల్విన్ నా గదిలోకి వచ్చి తలుపేశాడు. ఆ మంగళవారం ఉదయం రోడ్డు లెక్కలు చూశానన్నాడు. ప్రయోగం మొత్తంలో అంత సాఫీగా సాగిన ఉదయం ఇంకోటి లేదు. ఒక్కచోట తడబడింది. బర్న్స్ క్రీక్ తర్వాతి స్టాపు దగ్గర మొదలై, వెనక నిలబెట్టిన ఆఫీసు మనుషులు ఒకరి తర్వాత ఒకరు రాసుకున్న లెక్కల్లో వెనక్కి, విమానాశ్రయం దిక్కున లుంగా వైపు జరుగుతూ పోయింది.

"ఎవడు నియమం తప్పాడా అని చూశాను. నాన్న" అన్నాడు. "ఆమె వస్తుందని ఆగాడు."

"నాన్నకి చెప్పావా?"

"ఏమని చెప్పను?"

క్రిస్మస్‌కి వారం ముందు నాన్న పందిని కొన్నాడు. మలైటాలో పెద్దనాన్నకు కబురు చేసి ఎర్ర గవ్వపూసల దండలు తెప్పించాడు. పది పేటల దండలు. మా పూర్వీకులు చావుకి, గాయానికి, అవమానానికి ఇచ్చుకుని పుచ్చుకున్న దండలు అవి. పెద్దనాన్న ఓడ దిగి వచ్చాడు. అమ్మ వద్దనలేదు. సెల్విన్ తెల్లచొక్కా వేసుకున్నాడు. అందరం అద్దె పికప్‌లో బర్న్స్ క్రీక్ వెళ్లాం. పంది కాళ్లు కట్టి వెనక వేశారు.

సైలస్ మామయ్య మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టాడు. డొర్కాస్ టీ తెచ్చింది. పెద్దనాన్న దండలు విప్పి చాప మీద పరిచాడు. చెప్పవలసిన మాటలు మా భాషలో, పద్ధతి ప్రకారం చెప్పాడు. మా ఇంటివాడి వల్ల మీ ఇంటికి నష్టం జరిగింది, పుచ్చుకుని మమ్మల్ని మళ్లీ కలుపుకోండి అని.

మామయ్య దండలు ముట్టుకోలేదు. కప్పు కింద పెట్టాడు.

"బావా, నువ్వేం తప్పు చేశావు?" అన్నాడు నాన్నతో.

"నేను ఆపలేదు."

"ఆపకూడదని నియమం. నువ్వు నియమం ప్రకారం నడిపావు. నీ వెనక ఆరు బస్సులొచ్చాయి. వాళ్లూ నియమం ప్రకారం నడిపారు. ఆ ఆరుగురి దగ్గరా పందులు తీసుకోమంటావా?"

"వాళ్ల దగ్గరొద్దు. నా దగ్గర తీసుకో."

"ఎలా తీసుకోను? ఇది తీసుకున్నానంటే నువ్వు నా పెళ్లాన్ని చంపావని అన్నట్టు. నేను అనలేదు. అనను."

"అను. అన్నా నేనేమీ అనుకోను. అని తీసుకో."

మామయ్య సెల్విన్ వైపు చూశాడు. కోపంగా చూడలేదు.

"ఆ రోజు మైదానంలో నీ కొడుకు చెప్పాడుగా బావా. ఎవరి తప్పూ లేకుండానే జరిగిపోతుందని. నాకప్పుడు ఎక్కలేదు. పడుకుని చాలా ఆలోచించాను. వాడు చెప్పింది నిజమే. అది అరడుగు తగ్గింది, నువ్వో అడుగు ముందుకెళ్లావు, ఇంకెవరో చూసి చూడనట్టు పోయారు. ఇందులో ఎవరిని పట్టుకోను?"

"మామయ్యా, నేను చెప్పింది బళ్ల గురించి" అన్నాడు సెల్విన్.

"తెలుసు నాయనా. చదువుకున్నవాడివి, సరిగ్గానే చెప్పావు. టీ తాగండి, చల్లారిపోతుంది."

పెద్దనాన్న ఇంకోసారి అడిగాడు. మామయ్య ఇంకోసారి అదే చెప్పాడు. నాన్న ముందుకి వంగి చాప మీద రెండు చేతులూ పెట్టాడు. మా తరంలో ఎవరూ నాన్నను అలా చూడలేదు.

"సైలస్, నన్ను తిట్టు. కొట్టు. నలుగురిలో నా పేరు పెట్టి చెప్పు. ఈ పంది తీసుకో. తీసుకోకపోతే నేను నీ ఇంటికెట్లా రాను?"

"ఎందుకు రావు? ఎప్పుడైనా రా. నీకిక్కడ శత్రువులెవరూ లేరు."

డొర్కాస్ లేచి లోపలికి వెళ్లిపోయింది. పెద్దనాన్న దండలు చుట్టాడు. చుట్టడానికి చాలాసేపు పట్టింది.

పందిని అదే పికప్‌లో వెనక్కి తెచ్చాం. నాన్న ముందు కూర్చోలేదు. వెనక, పంది పక్కన కూర్చున్నాడు. సాయంత్రం వేళ, పండగ కొనుగోళ్ల రద్దీ. రోడ్డంతా ఆగి ఉంది. బర్న్స్ క్రీక్ నుంచి మా ఇంటిదాకా గంట పైనే పట్టింది. గవ్వదండలు ఒళ్లో పెట్టుకున్న ముసలాయన, బతికున్న పంది, దాని పక్కన మా నాన్న. పక్క బళ్లలోవాళ్లు చూశారు. చూసినవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ గంటలో ఎవరూ నాన్నను పలకరించలేదు.

ప్రయోగం సెలవులతో ముగిసింది. సెల్విన్ నివేదిక రాసి ఇచ్చాడు. పై అధికారులు మెచ్చుకున్నారు, ఇంకో ఆరునెలలు పొడిగించమన్నారు. సెల్విన్ డ్రైవర్లను మళ్లీ అడగలేదు. బడులు తెరిచాక రోడ్డు పాత దారికే వచ్చింది. నవంబరులో రోడ్డు తెరిపిగా ఉందని ఇళ్లలోంచి తీసిన కార్లు తిరిగి ఇళ్లలోకి పోలేదు. అందువల్ల అంతకుముందుకన్నా ఒక పావుగంట ఎక్కువే పట్టేది.

నాన్న జనవరి అంతా ఇంట్లో ఉన్నాడు. ఫిబ్రవరిలో మళ్లీ బస్సెక్కాడు. ఒకరోజు నేనూ సెల్విన్ ఆ బస్సులో పట్టణానికి వెళ్లాం. నాన్న చెయ్యెత్తినవాళ్లందరికీ ఆపాడు. స్టాపులో, మలుపులో, బ్రిడ్జి మొదట్లో. మా భాషవాళ్లకీ ఆపాడు, కానివాళ్లకీ ఆపాడు. పానటీనా దగ్గర ఒకతను నిలబడి తల గోక్కుంటున్నాడు. బస్సు ఆగింది.

"ఎక్కుతావా?" అన్నాడు నాన్న.

"లేదు పెద్దయ్యా. పేను కుట్టింది."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది పెద్దయ్యా. నువ్వు పో."

ఫెస్టస్ ఇలాంటిదానికి ఏదో ఒకటి అనకుండా ఉండేవాడు కాదు. ఆ రోజు తలుపు వేశాడు, అంతే. మా వెనక బళ్లు కనబడినంత దూరం ఆగి ఉన్నాయి. సెల్విన్ సీట్లో వెనక్కి తిరిగి వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క బండి కూడా హారన్ కొట్టలేదు. ఆ రోడ్డు మీద నడిపేవాళ్లందరికీ ఆ బస్సు ఎవరిదో తెలుసు. కుకుమ్‌లో సెల్విన్ దిగి ఆఫీసుకు నడిచి వెళ్లాడు.

ఆగస్టులో డొర్కాస్ పెళ్లి కుదిరింది. సైలస్ మామయ్య తమ్ముడు మా ఇంటికొచ్చి పిలిచాడు. అందరూ రావాలన్నాడు. అమ్మ ఆ రాత్రి కత్తులు నూరింది. మేనకోడలి పెళ్లిలో పందిని కోసేది, రాళ్లు కాల్చి పొయ్యి పేర్చేది, దుంపలు ఆకుల్లో చుట్టేది మేనమామ ఇంటివాళ్లు. అందరూ తిన్నాక, అన్నీ కడిగి, చివర్న తింటారు. నాన్న పాత చొక్కా వేసుకున్నాడు. ఆ పనికి కొత్త చొక్కా పనికిరాదు. తెల్లవారకముందే బయల్దేరాం.

మేం వెళ్లేసరికి రాళ్లు కాలుతున్నాయి. పందులు కోసి ఉన్నాయి. మామయ్య అన్నదమ్ముల ఆడవాళ్లు దుంపలు చుడుతున్నారు. అమ్మ సంచి కింద పెట్టి వాళ్ల పక్కన కూర్చోబోయింది. ఒకామె లేచి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీరెందుకండీ. బట్టలు పాడవుతాయి. అక్కడ నీడగా ఉంది, కూర్చోండి."

సైలస్ మామయ్య స్వయంగా వచ్చాడు. టార్పాలిన్ కింద కుర్చీలు వేయించాడు. నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాడు. పక్కన పాస్టరుగారు, పెళ్లికొడుకు ఆఫీసు పెద్దలు ఉన్నారు. డొర్కాస్ పెళ్లిబట్టల్లో వచ్చి నాన్నకు చెయ్యి కలిపి పలకరించింది. మామయ్యా అంది. నాన్న ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

మధ్యాహ్నం కాలిన రాళ్లు తీసి పొయ్యి తెరిచారు. అమ్మ కత్తులు సంచిలోనే ఉన్నాయి. అతిథులకు ముందు వడ్డించారు. మొదటి ఆకు నాన్న ముందు పెట్టారు.